నామినేషన్ సారు

మొన్న పంచాయతీ ఎన్నికలకు నామినేషన్ వేద్దామని తరిగొప్పుల పోయాను. ఈసారి నాదే. మా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ కాగితాలు తీసుకునేది అక్కడి ఆఫీసులోనే కాబట్టి దాని పక్కనున్న జిరాక్సు దుకాణం ముందు జాతరలా ఉంది. ఒకాయన ఆధార్ కార్డు మర్చిపోయి ఫోన్‌లో ఇంటివాళ్ళను తిడుతున్నాడు. ఒకామె ఫొటోలో తన ముఖం తనకే నచ్చక మళ్ళీ తీయమంటోంది. నేను ఫారం అడిగితే దుకాణమతను ఇస్తూ ఇస్తూ చేయి వెనక్కి లాగి, "నామినేషన్ అంటే ఏంది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. అతనూ నవ్వబోయి సగంలో ఆగిపోయాడు. దుకాణం పక్కన గోడకు ఆనించి ఎప్పుడూ ఉండే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ లేదు.

"సారేడి?" అన్నాను.

"ఇంకెక్కడి సారక్కా. శ్రావణంల పోయిండు. నీకు తెల్వదా?"

తెలియదు. సిగ్గేసింది. తరిగొప్పులకు మా ఊరు ఎంత దూరమని! ఫారం చేతిలో పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో "జర జరుగక్కా, మాగ్గూడ టైమైతున్నది" అనేదాకా కదల్లేదు.

ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. రాయాలంటే భయం. రాస్తే ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ఓటరు జాబితాలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఎక్కడైనా తేడా వచ్చిందా, ఏ లోకంలో ఉన్నా లేచి వచ్చి కాగితం చించి చేతిలో పెట్టే మనిషి. మండలమంతా ఆయన్ని నామినేషన్ సారు అనేది. ఆ పిలుపు ఆయనకు నచ్చేది కాదు. "అది పేరు గాదు, పని" అనేవాడు.

పదో తరగతిలో నాకు ఇంగ్లీషు చెప్పింది ఆయనే. నిజం చెప్పొద్దూ, ఆయన నేర్పిన ఇంగ్లీషు కంటే ఆయన తిట్టిన తెలుగే నాకు ఎక్కువ గుర్తుంది. రిటైరైన తర్వాత ఏ ఎన్నిక వచ్చినా ఆ కుర్చీ వేసుకొని, పరీక్ష రాసే పిల్లల్లాగా ఒళ్ళో అట్ట పెట్టుకొని కూర్చునేవాడు. అట్ట కింద నిఘంటువు. దాని అట్టలు ఎప్పుడో ఊడిపోతే యూరియా సంచి ముక్కతో కుట్టించాడు. వచ్చినవాళ్ళ ఫారాలన్నీ ఉచితంగా నింపేవాడు. ఒక్క చాయ్ తప్ప ఇంకేమీ ముట్టేవాడు కాదు. కానీ ఊరికే వచ్చేదానికి వేరే ఖరీదు ఉంటుంది కదా. ముందు ఆయన పాఠం వినాలి.

"నామినేషన్ అంటే ఏంది?"

"కాగితం సార్."

"కాగితం గాదు."

"డిపాజిట్ సార్."

"నీ తలకాయ. నోమెన్! లాటిన్ మాట. నోమెన్ అంటే పేరు. మన నామం ఉన్నది సూడు, దానికి అక్క వరుస. ఇద్దరు ఒక్క ఇంట్లనే పుట్టిండ్రు. పెద్దామెను రోముకిచ్చిండ్రు, చిన్నామెను మనకిచ్చిండ్రు."

"నామం అంటే మాకు తెల్వదా సార్, గెలిచినోడు మాకు ఐదేండ్లు పెట్టేదే గద" అని వెనకనుంచి ఎవరో ఒకరు అనేవారు. ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు అనేవారు. అన్నవాడు అది తనకే తోచిందని మురిసిపోయేవాడు. సారు మాత్రం ఈగ వాలినంత కూడా కదిలేవాడు కాదు.

"మొదట ఇంగ్లీషోళ్ళకు ఆ మాటంటే ఉత్తగ పేరు పెట్టి పిలుసుడే. అయినంక ఒకన్ని కొలువుల పెట్టుడు అయింది. అటెన్క పోటీకి ఫలానోడు అని నలుగుట్ల పేరు చెప్పుడు అయింది. అంత దూరంకెల్లి నడిచొచ్చిన మాటను మీరు ఇప్పుడు డీజే పెట్టి, పటాకులు గాల్చి, ట్రాక్టర్ మీద ఎక్కిచ్చి తెస్తున్నరు."

ఆయనకు క్యాండిడేట్ అన్న మాట కూడా ఇష్టమే. రోములో పోటీచేసేవాళ్ళు తెల్లబట్టలను సుద్దతో ఇంకా తెల్లగా రుద్దుకొని తిరిగేవాళ్ళట, ఆ తెలుపు నుంచే క్యాండిడేట్ పుట్టిందట. అది చెప్పి, ఎదురుగా గంజి పెట్టిన తెల్ల అంగీతో నిలబడ్డవాణ్ణి కింది నుంచి పైదాకా చూసి, "రెండువేల ఏండ్లల్ల మీరు మారింది ఏమన్న ఉన్నదా?" అనేవాడు. ఓటర్ల పేర్లు చెవిలో ఊదడానికే అక్కడ ఒక మనిషిని పెట్టుకునేవాళ్ళనీ, ఆ మనిషి పని పేరు కూడా ఇదే నోమెన్ లోంచి వచ్చిందనీ చెప్పేవాడు. అది మాకు వింతగా అనిపించేది కాదు. ఎమ్మెల్యే టికెట్ అడిగేవాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు పక్కన ఒకడుండి "ఈమె ఎల్లవ్వ, బర్రె సచ్చింది" అని ఊదడం, ఆయన వెంటనే "ఎల్లవ్వా, బర్రె ముచ్చట తెలిసి మస్తు బాధైంది" అనడం మేం చూడనిదా!

ఆడవాళ్ళు పోటీకి వస్తే పాఠానికి ఒక తోక ఉండేది. "నామినేషన్ పుట్టిన కడుపుల్నే ఇంకోటి పుట్టింది. నామినల్. అంటే పేరుకే. జర పైలం" అని, ఆమెతో కాదు, పక్కనున్న మొగుడితో, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ అనేవాడు.

పేర్ల మీద అంత పట్టున్న మనిషి చేసిన పొరపాటు ఒకటుంది. అది ఆయనే చెప్పుకొని నవ్వేవాడు. మొదటి ఉద్యోగం ఆర్డరులో ఘనపూర్ అని ఉంటే, సంబరంగా స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి, బడికిపోయి, హెడ్మాస్టరు ఇంకా రాలేదంటే ఆగలేక రెండు పీరియడ్లు పాఠం కూడా చెప్పేశాడట. హెడ్మాస్టరు వచ్చి కాగితం చూసి, "నాయినా, నీ ఘనపూరు ములుగు దిక్కున్నది" అన్నాడట. "పేరు సగం జెప్తే మనిషి సగం దూరమే వోతడు" అనేవాడు సారు. మా అందరి పేర్లూ పూర్తిగా చెప్పించడం అప్పట్నుంచే మొదలై ఉంటుందని నా అనుమానం.

ఇక ఆయన సొంత నియమం ఒకటి. ప్రభుత్వం పెట్టింది కాదు, పూర్తిగా ఈయనదే. ఫారంలో అభ్యర్థిని ప్రతిపాదించేవాళ్ళు ఒకరు సంతకం పెట్టాలి కదా. సంతకానికి ముందు ఆ మనిషి లేచి నిలబడి, అభ్యర్థి పేరు నలుగురికీ వినబడేటట్టు పలకాలి. పలికితేనే పెన్ను మూత తీసేది. "సర్కారుకు సంతకం సాలు. మాటకు సాలది" అనేవాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు మండలంలో లేరు. ఫారం తప్పుపోతే గతేమిటని అందరూ తల వంచి పలికేవాళ్ళు.

కిందటిసారి ఎన్నికల్లో ఈ నియమమే మా ఇంటిమీదికి వచ్చింది.

మా ఆయన సర్పంచ్ కావాలని రెండేళ్ళు కష్టపడ్డాడు. కష్టమంటే అట్లా ఇట్లా కాదు, ఊళ్ళో ఏ చావు జరిగినా పాడెకు మొదటి భుజం ఈయనదే. తీరా చూస్తే మా ఊరు మహిళలకు పోయింది. ఆ ఫోన్ వచ్చినప్పుడు అన్నం తింటున్నాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నంత శ్రద్ధగా చూడలేదు.

తెల్లవారేసరికి నేను అభ్యర్థిని. మా అత్త డమ్మీ. డమ్మీ అంటే, నా కాగితం ఏదో తప్పుతో చెల్లకపోతే ఇంటికి వేరే కాగితం ఉండాలి కాబట్టి ఆమెతో కూడా ఒకటి వేయిస్తారు. నాది చెల్లిందని తేలగానే ఆమె తనది వాపసు తీసుకోవాలి. మా దగ్గర అందరూ చేసేదే ఇది. అందరూ తీసుకునేదే.

చివరి రోజు నలుగురం సారు దగ్గరికి పోయాం. మా ఆయన, నేను, అత్త, మామ. నన్ను ప్రతిపాదించేది మా ఆయన. అత్తను ప్రతిపాదించేది మామ.

"ఎవలు పోటీ?" అన్నాడు సారు.

"మా ఇంటామె సార్" అన్నాడు మా ఆయన.

"ఇంటామె అంటె కొంపకు ఒకామె ఉంటది. పేరు."

మా ఆయన దగ్గాడు. అటుచూశాడు, ఇటుచూశాడు. పెళ్ళయిన పదమూడేళ్ళలో నన్ను "ఏమే", "ఓయ్", "ఇగో ఇంటున్నవా" తప్ప ఇంకోలా పిలవలేదు. నేనూ ఆయన పేరు పలకననుకోండి, ఇప్పుడు కూడా రాయడం లేదు, చూస్తున్నారుగా. చివరికి నేలచూపులు చూస్తూ "సరిత" అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు "అబ్బో!" అన్నారు. నాకైతే చెవులు వేడెక్కాయి. పెళ్ళినాడు కూడా అంత సిగ్గుపడ్డట్టు గుర్తులేదు.

తర్వాత మామ లేచాడు. డెబ్బై ఏళ్ళ మనిషి.

"మా పెద్దోని అవ్వ" అన్నాడు.

"అది చుట్టరికం అన్నా. పేరు."

"గట్ల ఎట్ల చెప్తరు సారూ? యాభై ఏండ్ల సంది చెప్పలె."

"అందుకనే చెప్పు. ఇయ్యాలన్న చెప్పు."

మామ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. లోగొంతుకతో "అనసూర్య" అన్నాడు. అత్త మాకు నాలుగడుగుల దూరంలో, మంచినీళ్ళ క్యాను దగ్గర వీపు మావైపు పెట్టి నీళ్ళు తాగుతోంది. తిరగలేదు.

"ఇనబడలె" అన్నాడు సారు.

"అనసూర్యా!" అని మామ ఈసారి పొలంలో కేకేసినట్టు అరిచాడు. వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగారు. అత్త కూడా, ఎవరినో పిలుస్తున్నారనుకొని, ఆ ఎవరో కోసం చుట్టూ చూసింది. తర్వాత గ్లాసు కిందపెట్టి, కొంగు తలమీదికి లాక్కొని, "నన్నేనా పిలిచింది?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సారు నవ్వలేదు. "నిన్నే అమ్మా. దా, కూసో. నామినేషన్ అంటే ఇదే" అని ఆమెకు కుర్చీ ఇచ్చి తాను నిలబడి ఆ ఫారం నింపాడు. పాఠం మొత్తం చెప్పాడు. రోము, సుద్ద, అక్కచెల్లెళ్ళు, అన్నీ. మేం ఎప్పుడు అవుతుందా అని గడియారం చూస్తుంటే, ఆమె మాత్రం నోరు తెరుచుకొని విన్నది.

నా కాగితం చెల్లింది. ఆమెది కూడా చెల్లింది. వాపసు తీసుకునే రోజు పొద్దున మా ఆయన ఆటో తెచ్చి వాకిట్లో పెట్టి, "అవ్వా, నడువు, ఏలుముద్ర ఏసొద్దాం" అన్నాడు.

"నేను తీసుకోను" అంది అత్త, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

"అవ్వా, అది ఉత్తదే. డమ్మీ."

"ఉత్తదైతె నా పేరు ఎందుకు రాయించినవ్ రా? మీ బాపు అందరి ముందట పేరు పెట్టి పిలిచిండు. పిలిస్తె వచ్చిన. ఇప్పుడు పొమ్మంటె పోవుడేంది? పెండ్లికి పిలిచి బంతిల కెల్లి లేపుతరా ఎవలనన్న?"

మా ఆయన బతిమిలాడాడు. కోప్పడ్డాడు. మామను పంపితే, మామ లోపలికిపోయి అంతే వేగంగా బయటికొచ్చి, "నాతోని కాదు, నన్ను గూడ పేరు పెట్టి పిలుస్తున్నది" అన్నాడు. గడువు మధ్యాహ్నం మూడింటిదాకానే. ఇంట్లో ఇద్దరూ నిలబడితే ఓట్లు చీలి ఎదుటివాళ్ళు కూర్చున్నచోటే గెలుస్తారు. వాళ్ళకు అప్పటికే కబురందింది. మా వాకిలి ముందునుంచి పోతూ కావాలని మెల్లగా పోతున్నారు.

చివరికి అందరం ఆటోలో తరిగొప్పుల పోయాం. మా ఆయన దిగుతూనే సారు మీద పడ్డాడు. "సార్, మీరు పెట్టిన మంట, మీరే ఆర్పుండ్రి."

సారు అత్త దగ్గరికి వచ్చి, "అమ్మా, నీ మీద ఎవలన్న ఒత్తిడి చేస్తున్నరా?" అని అడిగాడు.

"చేస్తున్నరు. తీసుకొమ్మని."

సారు ముఖం వెలిగిపోయింది. నావైపు తిరిగాడు. "మరి నీకు గావాల్నా బిడ్డా?"

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మొదట నాకు ఈ గోల ఇష్టం లేదు. కానీ ఆ నాలుగు రోజుల్లో ఏదో జరిగింది. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు పెట్టించాలనుకున్నాను. చివరి వాడకు నల్లా వేయించాలనుకున్నాను. పేడ తీస్తూ బర్లకు ఉపన్యాసం కూడా ఇచ్చాను. అవి శ్రద్ధగానే విన్నాయి. కావాలా అని ఎవరైనా నన్ను అడగడం మాత్రం అదే మొదలు.

"కావాలె సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మరింకేంది! ఇద్దరు ఉండుండ్రి!" అన్నాడు సారు చప్పట్లు కొట్టినంత పనిచేసి.

మా ఆయన ఆటో పట్టుకొని నిలబడ్డాడు, లేకపోతే పడేవాడే. సారుకు మాటలు ఎక్కడ పుట్టాయో తెలుసు. ఓట్లు ఎట్లా చీలుతాయో తెలియదు. ఆ ఒక్క విషయంలో ఆయనంత అమాయకుణ్ణి నేను చూడలేదు.

రెండు దాటింది. నాకు అత్త మీద కోపం ముంచుకొచ్చింది. చదువుకున్నదాన్ని నేను. ఆమెది వేలిముద్ర. ఇన్నేళ్ళు వంటింట్లో ఎదురుచెప్పలేదు, ఇక్కడైనా చెబుదామని చరచరా ఆమె కూర్చున్న బెంచీ దగ్గరికి పోయాను. ఆమె ఓటరు కార్డును రెండు చేతులా పట్టుకొని ఉంది. పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి మొక్కుతోందేమో అనుకున్నాను. దగ్గరికి పోతే వినబడింది. ఇంటిపేరుతో సహా, తన పేరు తాను చెప్పుకుంటోంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు.

నన్ను చూసి ఆపి, "లోపల పిలిస్తె గిట్లనే పలుకాల్నా బిడ్డా? తప్పు పోతలేదు గద?" అంది.

ఆమె పక్కన బెంచీమీద కూర్చున్నాను. "పోతలేదత్తమ్మా" అన్నాను.

తిరిగి వచ్చి సారును వాపసు ఫారం అడిగాను. ఆయన అత్తవైపు చూసి, "ఒప్పుకున్నదా?" అన్నాడు నిరాశగా.

"ఆమెకు గాదు సార్. నాకు."

సారు కళ్ళద్దాలు తీశాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "ఇగ సూడు, విత్‌డ్రా అనే మాట ఉన్నదే..." అని మొదలుపెట్టాడు.

"వద్దు సార్. ఇయ్యాల వద్దు."

ఆగిపోయాడు. నా ఎరుకలో ఆయన ఒక మాట పుట్టుక చెప్పకుండా ఆగింది అదొక్కసారే. ఆ ఫారం ఆయన నింపలేదు, నేనే నింపుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. త్యాగం, గీగం అనకండి. నాకు కావాల్సింది నేను వదులుకున్నాను, నాకు బాధేసింది, అంతే. లోపల ఇచ్చి బయటికొచ్చేసరికి మా ఆయన మెట్లమీద కూలబడి ఉన్నాడు. "నేను పెండ్లి చేసుకున్నోళ్ళు, నన్ను కన్నోళ్ళు, అందరు కలిసి నన్ను ముంచిండ్రు" అంటున్నాడు. మామ పక్కన కూర్చొని బీడీ ముట్టించి, "ఆమెను నేను పిలువకపోతె అయిపోవు" అన్నాడు.

అత్త గెలిచింది. మా ఆయన "సర్పంచ్ కొడుకు" అని కార్డులు కొట్టించుకుంటే పంచాయతీ ఆఫీసు బయట బల్లమీద కూర్చోబెట్టింది. బడి మరుగుదొడ్డికి తలుపు పెట్టించింది, నన్ను అడిగే పెట్టించింది. అవన్నీ ఊరికి తెలిసిన సంగతులే. సారు గురించి తలుచుకుంటే నాకు అవేవీ గుర్తుకు రావు. ఆ వాపసు రోజు సాయంత్రం గుర్తుకొస్తుంది.

మూడు దాటిన తర్వాత బరిలో మిగిలినవాళ్ళ జాబితా గోడకు అంటించారు. అక్షరాల వరసలో రాస్తారు కాబట్టి అత్తదే మొదటి పేరు. జనం తోసుకుంటున్నారు. అత్త నన్ను పట్టుకొని ముందుకొచ్చి, "ఏది నాది?" అంది. ఆమె వేలు పట్టుకొని పేరు మీద పెట్టాను. చదవడం రాదు కదా, ఆ చివరనుంచి ఈ చివరిదాకా వేలితో మెల్లగా తడిమింది. తడిమి, తీయలేదు. అక్కడే ఉంచింది.

వెనక అరుపులు మొదలయ్యాయి. లోపలినుంచి ఆఫీసరు వచ్చి, "అమ్మా, జర పక్కకు జరుగుండ్రి, అందరు సూడాలె" అన్నాడు.

సారు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయనకూ అత్తకూ మధ్య నిలబడ్డాడు.

"వాళ్ళు సూస్తరు తియ్యి సార్" అన్నాడు. "ముందుగాల ఆమెను సూసుకోనియ్యుండ్రి."